మందు పెట్టిందన్న ఫిర్యాదు

బుధవారం, ఆగస్టు పదమూడు. మధ్యాహ్న భోజనాల తర్వాత. బ్లాక్‌టౌన్ దగ్గర ముసలివాళ్ళని చూసుకునే ఒక ఏజ్‌డ్ కేర్ హోమ్, మేనేజరు గది. ఆస్ట్రేలియాలో ఆగస్టు చలికాలం. హీటరు పనిచేస్తోంది, కిటికీ తెరుచుకోదు.

హాజరైనవారు: డెబ్రా, ఆ హోముకి మేనేజరు. శ్రావణి, అక్కడి నర్సు. ఫిర్యాదు ఆమె మీదే. నిఖిల్, ఫిర్యాదు చేసినవాడు. పారమట్టాలో ఆఫీసు ఉద్యోగం. తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఒకాయన, ఫోన్‌లో. వాళ్ళు పేరు చెప్పరు, నంబరు చెబుతారు. గ్రేస్ అనే నేను, రిటైరైన నర్సుని, శ్రావణికి తోడుగా.

హాజరు కానివారు: రాఘవమ్మ గారు, నిఖిల్‌కి అమ్మమ్మ. అసలు మాట అన్నది ఆవిడే. ఆ సమయానికి తన గదిలో కునుకు తీస్తున్నారు.

డైరీలో నా పద్ధతి ఎప్పుడూ ఇదే. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, తర్వాత ఎవరేమన్నారు. నా అభిప్రాయం ఆఖర్న, అదీ పెన్సిల్‌తో. ఇక్కడ మాత్రం పెన్సిల్ రాతలే ఎక్కువుంటాయి. నర్సింగులోకి కొత్తగా వస్తున్న మన పిల్లల కోసం రాస్తున్నాను. ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ వీసా అని చెప్పడానికి వాట్సాప్ గ్రూపులున్నాయి, అక్కడ నాకంటే ధైర్యంగా చెప్పేవాళ్ళున్నారు. ఉద్యోగంలో చేరాక ఏం జరుగుతుందో నేను చెబుతాను.

మనం ఎవరం

నేను ఎన్‌రోల్డ్ నర్సుగా చేరాను, ఎన్‌రోల్డ్ నర్సుగానే దిగిపోయాను. చివర్లో కొన్నాళ్ళు కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పాను. అదొక్కటే తేడా.

ఆస్ట్రేలియాలో నర్సులు రెండు రకాలు. రిజిస్టర్డ్ నర్సు డిగ్రీ చదివి వస్తుంది, ప్లాను వేస్తుంది. ఎన్‌రోల్డ్ నర్సు డిప్లొమా చదివి వస్తుంది, రిజిస్టర్డ్ నర్సు కనుసన్నల్లో పనిచేస్తుంది. మన తెలుగువాళ్ళ పెళ్ళిచూపుల్లో "పిల్ల నర్సు" అనగానే, "రిజిస్టర్డా, ఎన్‌రోల్డా?" అని అడుగుతారు. రైల్లో ఏసీయా, స్లీపరా అని అడిగినట్టు ఉంటుంది. నన్నూ అడిగేవాళ్ళు. "నేను రోగి మంచం పక్కన ఉండేదాన్నండీ" అనేదాన్ని. తర్వాత ప్రశ్న ఉండేది కాదు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పైన ఎవరున్నా, మీ చేత్తో ఇచ్చినదానికి జవాబు మీరే చెప్పాలి. "సిస్టర్ ఇమ్మంది, ఇచ్చాను" అనే మాట మన ఊళ్ళో నడుస్తుందేమో, ఇక్కడ నడవదు. మీ పేరు నర్సింగు బోర్డు వాళ్ళ రిజిస్టరులో ఉంటుంది. ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. పేషెంట్లు చూసినా చూడకపోయినా, సంబంధాలు వెతికేవాళ్ళు తప్పకుండా చూస్తారు. మీ మీద ఏదైనా షరతు పెడితే అది కూడా పేరు పక్కనే కనిపిస్తుంది.

శ్రావణి భయం కూడా అదే. కరీంనగర్ పిల్ల. చదువుకోడానికి వచ్చి, డిప్లొమా పూర్తి చేసి, ఈ హోములో చేరింది. నా దగ్గర చదివిన ఆఖరి బ్యాచిలో ఒకతి. మంగళవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"ఆంటీ, నా మీద కంప్లైంట్ వచ్చింది. పేషెంటుకి డాక్టర్ రాయని మందు ఇచ్చిన్నట. రేపు మీటింగ్. బోర్డుకి రాస్తరేమో. రిజిస్ట్రేషన్ పోతే జాబ్ పోతది, జాబ్ పోతే వీసా పోతది."

"ఇచ్చావా?"

"చార్టుల ఉన్నయే ఇచ్చిన ఆంటీ. ఒట్టు."

"ఒట్టు బోర్డు వాళ్ళకి పనికిరాదు. ఎవరు చెప్పారట?"

"రాఘవమ్మ అమ్మమ్మనే చెప్పిందట."

నోరు మూసుకోవలసిన మనిషి

ఇలాంటి మీటింగుకి ఒక తోడు మనిషిని తెచ్చుకోవచ్చు. ఆ మనిషి పక్కన కూర్చోవచ్చు, మంచినీళ్ళు అందించవచ్చు, విరామం కావాలని అడగవచ్చు. మాట్లాడకూడదు. మీటింగు మొదలవగానే డెబ్రా ఈ సంగతి నాకు చదివి వినిపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మర్యాదగా, టీ ఇచ్చి చెప్పింది డెబ్రా ఒక్కతే.

డెబ్రా చెడ్డది కాదు. నియమం కనిపిస్తే పట్టుకుని వేలాడే రకం. అలాంటి బాసులంటే కొత్తపిల్లలు విసుక్కుంటారు. నేను విసుక్కోను. నియమాన్ని పట్టుకున్న మనిషి ఎక్కడుంటుందో మనకి తెలుస్తుంది. ఇష్టాయిష్టాలతో నడిపే బాసుని వెతుక్కోవాలి.

నిఖిల్ బల్ల అవతల కూర్చున్నాడు. ఇక్కడే పుట్టిన కుర్రాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. అతను మాట్లాడింది ఇంగ్లీషైనా, నేను తెలుగులోనే రాస్తున్నాను.

"అమ్మమ్మ కిందపడి తుంటి ఆపరేషన్ అయింది. అమ్మకి కూడా మోకాలి ఆపరేషన్, మంచం మీదుంది. అందుకే కొన్ని వారాలు ఇక్కడ పెట్టాం. ఆదివారం అమ్మమ్మ నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. అమ్మకి వినిపించలేదు, కంగారు పడుతుందని."

అని తన ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. రాఘవమ్మ గారి గొంతు గదంతా నిండింది. తెనాలి గొంతు, తుంటి విరిగినా గొంతు విరగలేదు.

"ఒరే నానీ, ఈ పిల్ల నాకేదో మందు పెట్టిందిరా. అది వస్తే గానీ ముద్ద దిగట్లేదు. దాని మాట వినబడకపోతే నిద్ర పట్టట్లేదు. నేనింక ఇంటికి రాను పో."

శ్రావణి తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని డెబ్రా అనుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి తెలుసు, నవ్వు ఆపుకుంటోంది. బల్ల కింద కాలు తొక్కాను.

నిఖిల్ మాత్రం నవ్వే స్థితిలో లేడు. అతనికి అర్థమైంది ఇది: నర్సు ఏదో మందు పెట్టింది, అన్నం గొంతు దిగట్లేదు, నిద్ర పట్టట్లేదు, అమ్మమ్మ ఇక ఇంటికి రాదు. ఒక్కొక్క మాటకీ అర్థం సరిగ్గానే తెలుసుకున్నాడు. అన్నీ కలిపేసరికి హత్యాయత్నం తయారైంది.

అతన్ని చూసి నాకు కోపం రాలేదు. నేను పెర్త్‌లో, కానింగ్ వేల్ దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన "ఐయామ్ క్రూక్, లవ్" అన్నాడు. క్రూక్ అంటే మోసగాడని కదా మనం బళ్ళో నేర్చుకున్నది. పాపం, పశ్చాత్తాపంతో ఉన్నాడనుకుని, "అలా అనుకోకండి, దేవుడు క్షమిస్తాడు" అని ధైర్యం చెప్పాను. ఒంట్లో బాగాలేదని ఆయన మొర. మా ఇన్‌ఛార్జి మోరీన్ అది విని గోడకి ఆనుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక చెప్పింది: "వాళ్ళు అన్న మాట రాయి. నీకు అర్థమైంది రాయకు. అర్థం తెలియకపోతే వాళ్ళనే అడుగు." నర్సింగులో నేను నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆ మూడు ముక్కలే.

క్రియ మారితే

మందు అనే మాట మనల్ని చాలా ఇరుకున పెడుతుంది. వేసుకుంటే జబ్బు తగ్గడానికి. పెడితే మనిషి వశం కావడానికి. కొడితే పొలంలో ఒక అర్థం, పొలం గట్టున ఇంకో అర్థం. "మా వాడికి ఏం మందు పెట్టిందో, దాని మాట జవదాటడు" అని కోడళ్ళ గురించి అత్తలు అనడం మీరంతా విన్నదే. ముద్దుగా కూడా అంటారు. రాఘవమ్మ గారు అన్నది ఆ ముద్దు మాట. గదిలో ఇద్దరికి ఆ సంగతి వెంటనే తెలిసింది. ఆ ఇద్దరిలో ఒకతి నిందితురాలు, ఆమె చెబితే తప్పించుకోడానికి అంటోందనుకుంటారు. రెండోదాన్ని నేను, నోరు విప్పకూడదు. మిగిలింది ఫోన్‌లో ఉన్నాయన.

డెబ్రా ఆయన్ని అనువాదం చేయమంది. వాళ్ళకీ మనలాగే నియమావళి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, కలపకూడదు, తీసేయకూడదు. ఆయన ఉన్నది ఉన్నట్టే చెప్పారు. "ఈ అమ్మాయి నా లోపల ఏదో ఔషధం పెట్టినది."

డెబ్రా కలం ఆగింది. "లోపల అంటే ఏ మార్గంలో? నోటి ద్వారానా, ఇంజెక్షనా, లేక..."

లేక అన్నచోట ఆపేసింది. నిఖిల్ ముఖం పాలిపోయింది.

"ఇంటర్‌ప్రెటర్ ఒక వివరణకి అనుమతి కోరుతున్నారు" అన్నారు ఆయన. వాళ్ళు తమ గురించి తాము ఇంకెవరి గురించో చెప్పినట్టు చెబుతారు. "ఇది ఒక జాతీయం. పూర్వం ఒక రకమైన మూలికా మిశ్రమాన్ని ఆహారంలో కలిపి ఇచ్చేవారనే నమ్మకం నుంచి వచ్చింది."

"మూలికా మిశ్రమమా?" డెబ్రా గబగబా రాసుకుంది. "ఆయుర్వేదమా? డాక్టరు అనుమతి లేకుండా అవి కూడా ఇవ్వకూడదు."

"నిజమైన మిశ్రమం కాదు. ఎదుటివారిని తన వశం చేసుకొన్నదని భావం."

"వశం అంటే, ఆమె చెప్పినట్టు పేషెంటు వినేలా చేయడమా?"

"అలా కూడా చెప్పవచ్చును."

మా ప్రవర్తనా నియమావళిలో పేషెంటు మీద పలుకుబడిని దుర్వినియోగం చేయడం గురించి వేరే భాగం ఉంది. డెబ్రా కొత్త పేజీ తిప్పింది. శ్రావణికి ఇప్పుడు నవ్వు రావట్లేదు.

"సాధారణంగా ఈ మాట ఎవరి గురించి అంటారు?" అని అడిగింది డెబ్రా. పాపం, ఆమె ఉద్దేశం మంచిదే.

"సాధారణంగా భర్తను ఆకట్టుకున్న భార్య గురించి."

డెబ్రా కళ్ళజోడు తీసింది. పావుగంటలో ఆ పిల్ల మీద నేరం రాయని మందు దగ్గర మొదలై, నాటుమందు మీదుగా, ముసలివాళ్ళని లొంగదీసుకోవడం దాటి, పేషెంటుతో హద్దులు మీరిన సంబంధం దాకా వచ్చింది. ఒక్కొక్కటీ బోర్డుకి రాయదగిందే. ఫోన్‌లో ఆయన ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు. నిజం చెప్పేకొద్దీ కేసు ముదిరింది.

నాకు హక్కున్న పని ఒక్కటే. "విరామం కావాలి" అన్నాను.

కారిడార్‌లో

శ్రావణిని నీళ్ళ కూలర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"గిట్లయితే పోయింది ఆంటీ. మీరే ఒక్క మాట చెప్పండ్రి."

"నేను చెబితే నన్ను బయటికి పంపిస్తారు, నువ్వు ఒంటరిగా కూర్చుంటావు. రాఘవమ్మ గారినే అడగమని నువ్వు అడుగు. అది నీ హక్కు. నాకు ఒకటి చెప్పు. మందు కాకుండా ఇంకేమన్నా ఇచ్చావా ఆవిడకి?"

కూలర్ వైపు చూసింది. "జరంత నిమ్మకాయ తొక్కు."

"తొక్కేంటే? ముసలావిడకి తొక్కలు తినిపించావా?"

"తొక్క కాదాంటీ, తొక్కు. మీరు పచ్చడంటరు కదా."

మాది ఒంగోలు వైపు. ఇప్పుడే లోపల ఒక మాటకి నాలుగు అర్థాలు విని వచ్చి, సొంత భాషలో నేను కూడా పప్పులో కాలేశాను. అప్పుడు మాత్రం నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు లేదు.

"ఆవిడ ప్లానులో ఉప్పు తగ్గించమని లేదూ?"

"ఉన్నది. కానీ ఈడి తిండి చప్పగుంటది, ముద్ద ముడతలేదు. ఇంటికాడ నుంచి చిన్న డబ్బాల తెచ్చిన. రోజు ఇంత. ఇప్పటికి రెండు వారాలాయె."

"కాళ్ళు ఎలా ఉన్నాయి ఆవిడకి?"

"వాపున్నయి. పోయిన వారం డాక్టరొచ్చి నీళ్ళ మాత్ర డోసు పెంచిండు."

ఇదీ అసలు సంగతి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది. ఆ నీరు తీయడానికి డాక్టరు మాత్ర పెంచుతాడు. ఊరగాయ సంగతి ఆయనకి తెలియదు. ఇంకో వారం పోతే ఇంకా పెంచుతాడు. అప్పుడు బీపీ తగ్గి, ఆవిడ కళ్ళు తిరిగి మళ్ళీ పడుతుంది. నిఖిల్ మాట తప్పుగా విన్నాడు గానీ, ఏదో జరుగుతోందని భయపడటంలో పూర్తిగా తప్పు లేదు.

శ్రావణి నా ముఖం చూసింది. "చెప్పాల్నా ఆంటీ? ఎవ్వరికీ తెల్వదు."

తోడు వచ్చిన మనిషి సలహా ఇవ్వవచ్చా లేదా అని నియమంలో ఏముందో నాకు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు.

"ఇవాళ నువ్వు గెలుస్తావు. ఆ ముసలావిడ నోరు తెరిస్తే మందు కేసు గాలికి పోతుంది. ఆ తర్వాత ఎవరూ నిన్ను ఏమీ అడగరు. ఎవరూ అడగనప్పుడు కూడా చెబుతావనే నీకు రిజిస్ట్రేషన్ ఇచ్చారు. అడిగితే చెప్పడం ఎవడైనా చేస్తాడు."

"పోతే?"

"పోవచ్చు" అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యమివ్వడం నాకు చేతకాదు.

మంచం దగ్గర

శ్రావణి అడిగింది, డెబ్రా ఒప్పుకుంది. అందరం రాఘవమ్మ గారి గదికి వెళ్ళాం. ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి దుప్పటి మీద ఉంచారు.

ఆ హోములో ఎలా పిలవాలో పేషెంట్లనే అడుగుతారు. చేరినరోజు ఆవిడని అడిగితే, "నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, మీరు మొదలుపెట్టొద్దు" అన్నారట. అప్పటినుంచి వంటవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ అమ్మమ్మే.

"అమ్మమ్మా, మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి" అంది డెబ్రా మంచం పక్కన వంగి. ప్రశ్న ఫోన్‌లోంచి తెలుగులో వచ్చింది. "ఈ నర్సు తమరికి వైద్యుడు సూచించని ఔషధమేదైనా ఇచ్చియున్నారా?"

రాఘవమ్మ గారు ఫోన్ వైపు అనుమానంగా చూశారు. "ఎవడే వీడు, రేడియోలో వార్తలు చదివేవాడిలా ఉన్నాడు."

ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆయన నియమం. తన గురించి ఆవిడ అన్న మాట తనే ఇంగ్లీషులో డెబ్రాకి చెప్పారు. గొంతులో ఏ మార్పూ లేదు. వృత్తి ధర్మం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేనిప్పుడు ఆయన్ని చూపిస్తాను.

"మందులా? పొద్దున తెల్లది, పొడుగుది. సాయంత్రం గుండ్రంది. నీళ్ళ మాత్ర ఒకటి, దాని దుంపతెగ, ప్రాణం తీస్తోంది. అవేగా ఇచ్చేది."

"మరి మందు పెట్టినదని తమరు అన్నారట" అన్నారు ఫోన్‌లో ఆయన, డెబ్రా అడిగింది తెలుగు చేసి.

"అన్నాను. పెట్టింది కాబట్టే అన్నాను. అందరూ వస్తారు, పళ్ళెం పెడతారు, పోతారు. ఈ పిల్ల పళ్ళెం పెట్టి కూర్చుంటుంది. 'అమ్మమ్మా, ఇది ఉప్మాకి చెల్లెలనుకో, పెళ్ళికాని చెల్లెలు' అంటుంది. నవ్వుతూ నవ్వుతూ తినేస్తాను. మందు కాక మరేంటది?" అని, చూపు మనవడి మీదికి తిప్పారు. "నానీ, వీళ్ళందర్నీ నువ్వు తోలుకొచ్చావా? నన్నడిగితే పోయేదిగా."

నిఖిల్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "నేనేమనుకున్నానంటే..."

"తెలుగులో ఏడువు."

ఫోన్ అది కూడా ఇంగ్లీషులో చెప్పింది. డెబ్రా వెంటనే టిష్యూల డబ్బా తీసి నిఖిల్‌కి అందించింది.

అతను డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి, "భయమేసింది అమ్మమ్మా" అన్నాడు. నేను అతని నోట విన్న మొదటి తెలుగు మాట అది. రాఘవమ్మ గారు మంచం అంచు చేత్తో తట్టారు, వచ్చి కూర్చోమని.

ఇంకేమైనా చెప్పాలా

మళ్ళీ మేనేజరు గది. డెబ్రా రాసుకున్న పేజీలు ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేసింది. రాయని మందు లేదు. మూలిక లేదు. లొంగదీసుకోవడం లేదు. ఆఖరి పేజీ కొట్టేసేటప్పుడు కొంచెం సిగ్గుపడింది. నిఖిల్ శ్రావణికి క్షమాపణ చెప్పాడు. ఫోన్‌లో ఆయనకి థాంక్స్ చెప్పి లైను కట్ చేశారు.

"ముగించే ముందు ఎవరైనా ఇంకేమైనా చెప్పాలా?" అంది డెబ్రా. ప్రతి మీటింగు చివరా అడిగే ప్రశ్న అది. దానికి జవాబు వస్తుందని ఎవరూ ఎదురుచూడరు. ఆమె అప్పటికే కలానికి మూత పెట్టేసింది.

శ్రావణి నా వైపు చూడలేదు. అది నాకు నచ్చింది.

"ఉంది" అంది. ఇంగ్లీషులో, తడుముకోకుండా చెప్పింది. ఇంటి నుంచి ఊరగాయ తెచ్చిన సంగతి, రెండు వారాలుగా రోజూ పెట్టిన సంగతి, ఉప్పు తగ్గించమని ప్లానులో ఉందని తనకి తెలిసిన సంగతి. "కాళ్ళ వాపు దానివల్లే కావచ్చు. ఇంకా డోసు పెంచకముందే డాక్టరుకి తెలియాలి."

డెబ్రా కలం మూత మళ్ళీ తీసింది. నిఖిల్ అప్పుడే క్షమాపణ చెప్పి ఉన్నాడు, వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియక నోరు తెరిచి మూశాడు.

"రేపు పొద్దున నిర్ణయం చెబుతాను" అంది డెబ్రా. అని, డాక్టరుకి ఫోన్ చేయడానికి లేచింది. తీర్పుకంటే ముందు పేషెంటు పని చూసింది. నియమాన్ని పట్టుకుని వేలాడే మనిషని పైన రాశాను కదా. ఏ నియమం ముందో తెలిసిన మనిషి అని కూడా కలుపుకోండి.

ఇక్కడ పెన్సిల్‌తో రెండు మాటలు. ప్రేమతో చేశాను కాబట్టి తప్పు కాదు అని మన పిల్లలు అనుకుంటారు. మనం తిండి పెట్టి ప్రేమ చూపించే జాతి. నేను చూసిన తప్పుల్లో కోపంతో చేసినవి తక్కువ, ప్రేమతో చేసినవే ఎక్కువ. ఊరగాయ పెట్టాలనిపించింది, సరే. వెళ్ళి రిజిస్టర్డ్ నర్సుని అడగాలి: "ఈవిడ తినట్లేదు, ఏం చేద్దాం?" అప్పుడు డైటీషియన్ వస్తుంది, మిరియాలో నిమ్మరసమో ఒప్పుకుంటుంది. నెమ్మదిగా జరిగే పని, ఒప్పుకుంటాను. డబ్బా తెరవడం తేలిక. అడగడం కష్టం. మీకు జీతం ఇచ్చేది ఆ కష్టానికే.

ఇంకొకటి. బోర్డుని పోలీస్ స్టేషన్‌లా ఊహించుకుని దాక్కోకండి. దాక్కునేవాళ్ళనే అది పోలీస్ స్టేషన్‌లా చూస్తుంది.

కారులో ఇంటికి వస్తుంటే శ్రావణి ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం నుంచి నాకు అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున

ఇది శ్రావణి బ్రేక్‌లో ఫోన్ చేసి చెప్పింది.

షిఫ్టుకి రాగానే డెబ్రా పిలిచింది. బోర్డుకి రాయడం లేదు. రాతపూర్వకమైన హెచ్చరిక ఇస్తుంది. కొన్ని వారాలు మందుల రౌండుకి రిజిస్టర్డ్ నర్సు పక్కన ఉంటుంది. ఏం జరిగింది, ఏం నేర్చుకున్నావు అని శ్రావణి ఒక పేజీ రాసివ్వాలి. డాక్టరు రాత్రే మాత్ర తగ్గించాడు. "నువ్వు చెప్పకుండా నేను కనిపెట్టి ఉంటే బోర్డుకి రాసేదాన్ని" అని కూడా చెప్పింది డెబ్రా, తలుపు దాకా వచ్చి.

శ్రావణి టిఫిను పళ్ళెం తీసుకుని రాఘవమ్మ గారి గదికి వెళ్ళింది. నిఖిల్ అప్పటికే అక్కడున్నాడు, ఆఫీసు బట్టల్లో, పారమట్టా రైలు వదిలేసి. రాఘవమ్మ గారు పళ్ళెం మూత ఎత్తి చూశారు. ఓట్స్ జావ.

"ఊరగాయేదే?"

"ఇంక ఉండదమ్మమ్మా. నేను తెచ్చుడు తప్పు. కాళ్ళు చూడు ఎట్ల ఉబ్బినయో."

ఆవిడ కాళ్ళ వంక చూసుకోలేదు. శ్రావణి ముఖం చూశారు, కళ్ళ కింద నిద్రలేని నలుపు చూశారు. "సరే, కూర్చో" అన్నారు. శ్రావణి కూర్చుంది. ఆవిడ చెంచా తీసుకుని, మందు తాగినట్టు ముఖం పెట్టి, తినడం మొదలుపెట్టారు.

డెబ్రా ఆ దారిన పోతూ గుమ్మంలో ఆగింది. ఊరగాయ లేకుండా తింటారో లేదో చూద్దామని కాబోలు, చెంచా పళ్ళెంలోకి వెళ్ళడం, నోట్లోకి వెళ్ళడం చూస్తూ నిలబడింది.

రాఘవమ్మ గారు చెంచా ఆపారు. "ఈవిడేంటి, తినే ముద్దకేసి అలా గుడ్లప్పగించి చూస్తోంది? దిష్టి తగులుద్ది, పొమ్మనరా."

"ఏమంటున్నారు?" అని అడిగింది డెబ్రా, నవ్వుతూ.

నిఖిల్ చెప్పబోయి ఆగాడు. శ్రావణి వైపు వంగి, "దిష్టి అంటే?" అని మెల్లగా అడిగాడు. శ్రావణి చెవిలో చెప్పింది. అతను కాసేపు ఆలోచించాడు.

"మీరు చూడటానికి వచ్చినందుకు సంతోషంగా ఉందట" అన్నాడు డెబ్రాతో.

డెబ్రా ముఖం విప్పారింది. లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.